"మీది తిరుపతే కదా": ఒక ఇల్లాలి తలనొప్పి, ఒక ఇంటి అలవాటు

ఈ కేసులో మొదటి నెల నేను చేసింది తప్పు. రాయాలనిపించింది కూడా అందుకే. అంతా సాఫీగా జరిగిన కేసులు నా దగ్గర కొన్ని ఉన్నాయి గానీ, వాటి వల్ల నాకు తెలిసొచ్చింది తక్కువ.

కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వయసు, వృత్తి, ఊళ్ళు కొన్ని మార్చాను. మారుపేరు పెడితే ఆ పేరున్న ఇంకెవరో గుర్తొస్తారు కాబట్టి ఆమె, ఆమె భర్త, అత్తగారు, కూతురు అనే రాస్తాను. నేను తిరుపతిలో కౌన్సెలింగ్ సైకాలజిస్టును. మందులు రాసే అర్హత నాకు లేదు. అవసరమైనప్పుడు సైకియాట్రిస్టుతో కలిసి పనిచేస్తాను.

కవరు నిండా నార్మల్

జూలైలో ఆమెను కూతురు తీసుకొచ్చింది. ఇంటర్ రెండో సంవత్సరం చదివే పిల్ల. భుజాన కాలేజీ బ్యాగు, చేతిలో చీరల కొట్టు కవరు. కవరు నిండా రిపోర్టులే. రెండు ఈసీజీలు, ఒక ఎకో, తలకు తీసిన సీటీ స్కాన్, థైరాయిడ్, షుగర్. ఏడాదిన్నరలో మూడు ఆసుపత్రులు తిరిగారు. అంతా నార్మల్ అన్నారు. ఆఖరుగా చూసిన డాక్టరు "నీకేం లేదమ్మా, టెన్షన్ తగ్గించుకో" అని గ్యాస్ మాత్రలు, నిద్రమాత్రలు రాసిచ్చారట. టెన్షన్ ఎలా తగ్గించుకోవాలో చీటీలో రాయలేదు.

ఆమెకు 42 ఏళ్ళు. కూర్చోగానే అన్న మాట: "ఏంలే మేడమ్, ఊరికే తలనొప్పి. పాప భయపడి తీసుకొచ్చింది."

ఆ 'ఊరికే తలనొప్పి' ఎలా ఉంటుందని అడిగితే మాత్రం వివరంగా చెప్పింది. నడినెత్తిన రుబ్బురోలు పెట్టినట్టు ఉంటుంది. గుండె దడ వస్తుంది. సాయంత్రానికి ఒళ్ళంతా మంట. అన్నం ముందు కూర్చుంటే వాసనకే కడుపు నిండిపోతుంది. పడుకుంటే నిద్ర రాదు, వచ్చినా ఫోన్ మోగినట్టు అనిపించి లేస్తుంది. దిష్టి తీయించారు. తాయెత్తు కట్టించారు. రెండూ కొన్నాళ్ళు పనిచేశాయంది. నేను కాదనలేదు. ఒక మనిషి బాధపడుతోందని ఇంట్లో నలుగురూ కాసేపైనా ఆగి చూస్తే, ఆ చూడటమే కొంత మందు.

దిగులుగా ఉందని మన ప్రాంతంలో ఆడవాళ్ళు నేరుగా చెప్పడం అరుదు. ఒళ్ళు మంట, తల బరువు, గుండె దడ, గ్యాస్. మనసు మాట ఒంటి ద్వారా బయటికి వస్తుంది. దాన్ని నటన అనుకునే డాక్టర్లను చూశాను, చుట్టాలను అంతకన్నా ఎక్కువ చూశాను. నొప్పి నిజంగానే ఉంటుంది. స్కాన్‌లో కనపడదు, అంతే.

అన్నీ నార్మల్ అన్న ఆ కవరులోనే ఒక కాగితం మీద హిమోగ్లోబిన్ 9.2 అని ఉంది. ఆడవాళ్ళకు 12 కంటే తగ్గితే రక్తహీనతే. నీరసం, గుండె దడ, తలనొప్పికి అదొక్కటే కొంత కారణం కావచ్చు. మూడు చోట్లా ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మనసు డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళ రిపోర్టులు కూడా ఒక్కొక్క కాగితం చదవాలని నాకు ఈ వృత్తిలో మొదటి ఏడాదే ఒక సీనియర్ నేర్పారు. ఆమెను ముందు ఒక ఫిజీషియన్ దగ్గరికి పంపాను. ఐరన్ మొదలైంది.

పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే డిప్రెషన్ గురించి గట్టిగా ఆలోచించాలి. ఆమెకు 16 వచ్చింది. మార్కుల కన్నా నన్ను ఆపింది తొమ్మిదో ప్రశ్న. చనిపోతే బాగుండని అనిపించిందా అనే ప్రశ్న అది. ఆమె కూతురి వైపు చూసింది. పాపను బయట కూర్చోమన్నాను.

"చచ్చిపోవాలని కాదు మేడమ్. రాత్రి పడుకుంటే పొద్దున లేవకుండా ఉంటే చాలు అనిపిస్తుంది."

ఇలాంటి మాట విన్నప్పుడు మాట మార్చకూడదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందేమోనని ఇంట్లోవాళ్ళు భయపడతారు గానీ, అడిగినందువల్ల ఆ ఆలోచన రాదు. నేరుగానే అడిగాను. ఎలా చేయాలని ఎప్పుడైనా అనుకున్నావా, ఏదైనా దాచిపెట్టుకున్నావా, అలా అనిపించినప్పుడు ఏది నిన్ను ఆపుతుంది? పథకం ఏమీ లేదు. ఆపేది కూతురు. ఇంట్లో ఉన్న నిద్రమాత్రలు కూతురి దగ్గర పెట్టించే విషయం ఇద్దరితోనూ మాట్లాడాను. 14416 నంబరు ఆమె ఫోన్‌లో 'టెలీ మానస్' అని నేనే సేవ్ చేశాను. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ అది, ఏ వేళకైనా తెలుగులో మాట్లాడతారు. అదే వారం సైకియాట్రిస్టు చూసి తక్కువ మోతాదులో ఒక మందు మొదలుపెట్టారు. ఇలాంటి మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని, మొదటి వారం వికారంగా ఉండి మానేయాలనిపించవచ్చని ముందే చెప్పాం. చెప్పకపోతే పదిమందిలో సగం మంది అయిదో రోజుకే ఆపేస్తారు. లెక్క నాదే, నా టేబుల్ దగ్గర చూసిందే.

మార్జిన్‌లో రాసిన చుట్టాలు

మొదటి రోజు గంటసేపు మాట్లాడినా అసలు సంగతి ఆమె నోట రాలేదు. దాచిందని కాదు. అది సమస్య అని ఆమెకే తోచలేదు.

నిద్ర గురించి తెలుసుకోవడానికి ఒక కాగితం ఇచ్చాను. ఎన్ని గంటలకు పడుకున్నావు, ఎన్నింటికి లేచావు అని రెండు వారాలు రాయాలి. ఆమె రాసుకొచ్చింది. నేను అడగని విషయం మార్జిన్‌లో ఉంది: "మదనపల్లె వాళ్ళు 6." "నెల్లూరు వాళ్ళు 4." "అత్త చెల్లెలి కొడుకు, ఫ్రెండ్స్." ఆ రోజుల్లో నిద్ర నాలుగు గంటలు, నాలుగున్నర. మార్జిన్ ఖాళీగా ఉన్న రోజుల్లో ఆరున్నర.

తిరుపతిలో సొంతిల్లు ఉన్నవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. "మీది తిరుపతే కదా, దర్శనానికి వస్తున్నాం" అని ఫోన్ వస్తుంది. ఎండాకాలం సెలవులు, బ్రహ్మోత్సవాలు, తమిళ నెల పెరటాసిలో శనివారాలు, వైకుంఠ ఏకాదశి, పిల్లల పుట్టు వెంట్రుకలు, పెళ్ళయిన జంటలు. ఖాళీ అనేది ఉండదు. వీళ్ళ ఇల్లు బస్టాండుకు నడిచిపోయే దూరం. రెండు బెడ్‌రూములు, చిన్న హాలు, పైన మిద్దె. తెల్లవారుజామున కొండెక్కేవాళ్ళకు రెండు గంటలకు వేడినీళ్ళు, కాఫీ. కింద దర్శనం టోకెన్ దొరకనివాళ్ళు మళ్ళీ ఇంటికే వస్తారు. దిగొచ్చినవాళ్ళకు ఎన్ని గంటలైనా వేడన్నం. గుండు చేయించుకున్న పిల్లల తడిబట్టలు మిద్దె మీద. పోయేటప్పుడు బస్సులోకి పులిహోర పొట్లాలు.

చుట్టాలు వస్తే కూతురు గది ఖాళీ చేస్తుంది. పుస్తకాలు తీసుకుని మిద్దె మీదికో, పక్కింటికో పోతుంది. రెండో సెషన్‌లో ఆ పిల్ల ఒక మాట అంది: "అమ్మ ఫోన్ మోగితే పళ్ళు కొరుకుతుంది మేడమ్. ఎత్తినాక మాత్రం, రండి రండి అంటుంది."

నేను ఆమెను అడిగాను, మీరు కొండకు ఎప్పుడు వెళ్ళారు అని. లెక్కపెట్టుకుంది. మూడేళ్ళు దాటింది.

నా సలహా, దాని ఫలితం

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. చదువులో నేర్పినట్టే చేశాను. ఆమెకు 'కాదు' అనడం రాదు, ఆ నైపుణ్యం నేర్పాలి అని కేసు షీట్‌లో రాసుకున్నాను. సెషన్‌లో నేను చుట్టాన్నయ్యాను, ఆమె తానుగానే ఉంది. ఫోన్‌లో మర్యాదగా ఎలా తప్పించుకోవాలో నాలుగుసార్లు అభ్యాసం చేయించాను. బాగా చెప్పింది కూడా.

శ్రావణంలో ఆడపడుచు తోడికోడలి కుటుంబం, ఏడుగురు, వస్తామని ఫోన్ చేశారు. ఆమె మనం అనుకున్నట్టే చెప్పింది: "ఈసారి కుదరదక్కా, ఒంట్లో బాగాలేదు."

సాయంత్రానికి ఆడపడుచు నుంచి అత్తగారికి ఫోన్. మా అత్తింట్లో నా పరువు తీసింది అని ఏడుపు. ఆ రాత్రి అత్తగారు అన్నం తినలేదు. కొట్టు మూసి వచ్చిన భర్తకు సంగతి తెలిసి ఒకే మాట అన్నాడు: "దేవుడి దగ్గరికి పొయ్యేవాళ్ళకి గుక్కెడు నీళ్ళు పొయ్యలేని ఇల్లా మనది?" తర్వాత అయిదు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ ఏడుగురికీ తనే ఫోన్ చేసి రమ్మన్నాడు. వచ్చారు. ఆమే వండింది.

తర్వాతి సెషన్‌లో పీహెచ్‌క్యూ 19. ఆమె నన్ను నిందించలేదు. "మీరు చెప్పినట్టే చెప్పినా మేడమ్" అంది, పాఠం అప్పజెప్పిన పిల్లలా. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఎక్కడ తప్పాను? ఆ చుట్టాలు ఆమె చుట్టాలు కారు. ఆ ఇంటి వాకిలి తెరిచే, మూసే హక్కు ఆమె చేతిలో లేదు. లేని తాళంచెవి ఉందనుకుని తలుపు వేయమన్నాను. పెళ్ళయి ఇరవయ్యేళ్ళయినా ఆ ఇంట్లో ఆమె వంతు పని మాత్రమే, నిర్ణయం కాదు. ఇంకోటి, దర్శనానికి వచ్చేవాళ్ళకు అన్నం పెట్టడం వాళ్ళకు పుణ్యం. కాదనడం పాపం. అలాంటి చోట 'మీ హద్దులు మీరు గీసుకోండి' అనే పాఠం చెప్పడం తెలివితక్కువతనం.

దాచుకోలేనిది మరొకటి ఉంది. నేనూ ఈ ఊళ్ళోనే ఉంటాను. మా ఇంటికీ వస్తారు. గత ఇరవయ్యేళ్ళలో నేను ఒక్కరికి కూడా 'కుదరదు' అని చెప్పలేదు. నేను చేయలేని పని ఆమెకు హోంవర్క్‌గా ఇచ్చాను.

కొట్టు సెలవు రోజు

భర్తకు ఎలక్ట్రికల్ సామాన్ల చిన్న కొట్టు ఉంది. రమ్మంటే రెండు వారాలు తప్పించుకుని, కొట్టు సెలవు రోజు వచ్చాడు. కుర్చీ అంచున కూర్చుని ముందే చెప్పేశాడు: "మా వంశంలో ఎవరికీ పిచ్చి లేదు మేడమ్."

నేను వాదించలేదు. 2015–16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ దేశమంతా చేసిన మానసిక ఆరోగ్య సర్వేలో పెద్దవాళ్ళలో నూటికి పదిమందికి పైగా, కచ్చితంగా చెప్పాలంటే 10.6 శాతం మందికి, ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలిందన్నాను. మీ కొట్టుకు వచ్చే వందమందిలో పదిమంది. వాళ్ళంతా పిచ్చివాళ్ళా? ఆయన కాసేపు ఆలోచించి, "ఉండచ్చు. నా దగ్గర బేరమాడేవాళ్ళలో ఇంకా ఎక్కువే ఉంటారు" అన్నాడు. ఇద్దరం నవ్వాం. కుర్చీలోకి జరిగి కూర్చున్నాడు.

భార్య జబ్బు గురించి ఆ రోజు నేనేమీ అడగలేదు. ఇంటికి చుట్టాలు రావడం ఎప్పుడు మొదలైందని అడిగాను. ఆయన ముఖం విప్పారింది. వాళ్ళ నాయన పీలేరు వైపు పల్లె నుంచి చిన్న ఉద్యోగానికి తిరుపతి వచ్చాడు. వంశంలో తిరుపతిలో ఇల్లు కట్టిన మొదటి మనిషి. పల్లె నుంచి ఎవరొచ్చినా అక్కడే దిగేవాళ్ళు.

"మా నాయన పోయిన రోజు వీధంతా జనమే మేడమ్. ఎక్కడెక్కడి నుంచో వచ్చినారు. అందరూ ఆయన చేతి అన్నం తిన్నోళ్ళే."

"ఆయన చేతి అన్నమా?" అన్నాను.

చాలాసేపు ఏమీ అనలేదు. బయట ఆటోల శబ్దం వింటూ కూర్చున్నాం. తర్వాత మెల్లగా, "అమ్మ చేతిది" అన్నాడు.

ఈ కేసులో నేను సరిగ్గా అడిగిన ప్రశ్న బహుశా ఆ ఒక్కటే.

ఆయన వ్యాపారి కాబట్టి లెక్క చూపిస్తే నమ్ముతాడనిపించింది. ఇంట్లో గోడకున్న క్యాలెండర్ తెమ్మన్నాను. జనవరి నుంచి జూలై దాకా చుట్టాలున్న రోజులకు ఆయన, కూతురు కలిసి టిక్కులు పెట్టుకొచ్చారు. 74 రోజులు. ఆ రోజుల్లో భార్య ఎన్ని గంటలు నిలబడి పనిచేస్తుందో ఒక్కరోజు గమనించి రాయమన్నాను. పదకొండు గంటలని రాసి, కింద 'ఇంకా ఎక్కువే' అని రాశాడు. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు సగటున రోజుకు 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. అది చెబితే, "తొంభై ఏడా? నాది ఏడు కూడా ఉండదు" అన్నాడు. నిజాయితీ ఉన్న మనిషి. ఎవరూ అడగలేదంతే.

అత్తగారు

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేరు. నేనే వాళ్ళింటికి వెళ్ళాను. మామూలుగా ఇళ్ళకు వెళ్ళను. వెళ్ళడం మంచిదయింది. హాల్లో అటక మీద చాపలు చుట్టి పెట్టి ఉన్నాయి, పక్కన దిళ్ళు. లెక్కపెట్టాను, పదకొండు. ముగ్గురు పెద్దవాళ్ళు, ఒక పిల్ల ఉన్న ఇల్లు అది.

అడ్డంకి అంతా ఆవిడేనని అనుకుంటూ వెళ్ళాను. అప్పటికి కోడలి మాటల్లో నేను విన్న అత్తగారు అలాంటివారే. ఆవిడ నాకు మజ్జిగ ఇచ్చి, కోడలి మీద ఫిర్యాదులు రెండు చెప్పి, నేను అడగకుండానే తన కథలోకి వెళ్ళారు.

"మా కాలంలో వచ్చినోళ్ళు ఊరికే కూర్చునేవాళ్ళా? వస్తూ వస్తూ బియ్యం, కందిబేడలు, బెల్లం తెచ్చేవాళ్ళు. ఒకామె సంగటి కెలికితే ఒకామె ఊరుబిండి నూరేది. నేనూ, నా తోడికోడలు, పల్లె నుంచి వచ్చిన పిల్ల ఒకతె. మూడు పొయ్యిలు, ఆరు చేతులు. ఇప్పుడొచ్చేవాళ్ళు ఏసీ ఉందా అని అడగతా ఉండారు."

"అప్పుడు మీకు ఇబ్బంది ఉండేది కాదన్నమాట."

"ఎందుకుండదు? తలకు గుడ్డ బిగించి కట్టుకుని చేసేదాన్ని. ఆయన పోయినాక గదా నాకు తలనొప్పి పోయింది." అనేసి, అన్న మాట తనకే వినిపించినట్టు గమ్మునైపోయారు. వంటింటి గుమ్మంలో కోడలు నిలబడి ఉంది. ఆమె తలకు కూడా ఆ రోజు చున్నీ బిగించి కట్టి ఉంది.

ఆ ఇంట్లో ఆచారం అలాగే మిగిలింది, దాన్ని మోసిన చేతులు మాత్రం ఆరు నుంచి రెండుకు తగ్గాయి. కేసు షీట్‌లో 'ఆమెకు కాదనడం రాదు' అని రాసుకున్నది కొట్టేశాను.

ఆ తర్వాతి సెషన్‌లో ఆమె మొదటిసారి కోపంగా మాట్లాడింది. అత్తను, ఆడపడుచును, ఏసీ అడిగినవాళ్ళను, నన్ను కూడా. కొన్ని బూతులు దొర్లాయి. చివర్లో నాలుక కరుచుకుని, "గంగమ్మ జాతరలో కూడా ఇన్ని మాటలు రావు మేడమ్" అంది. మన తిరుపతిలో అదొక వసతి ఉంది. ఏడాదికోసారి మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతరకు వేషం కట్టినవాళ్ళు ఎంతమాటన్నా ఎవరూ తప్పుపట్టరు. మిగతా యాభై ఒక్క వారాల సంగతే కష్టం.

ఒప్పందం

సెప్టెంబరు మొదట్లో నలుగురినీ కూర్చోబెట్టాను. ఎవరూ 'రావద్దు' అనక్కర్లేదని ముందే అనుకున్నాం. ఎప్పుడు, ఎంతమంది, ఎన్నాళ్ళు, ఆ మూడే. చుట్టాల ఫోన్లన్నీ భర్త ఎత్తాలి. క్యాలెండర్ చూసి తారీఖు చెప్పాలి. నలుగురికి మించితే పడక ఇంట్లో కాదు, ఊళ్ళో ఉన్న టీటీడీ వసతి గృహాలు శ్రీనివాసంలోనో విష్ణు నివాసంలోనో మాధవంలోనో గది చూసుకోమనాలి, కావాలంటే బుక్ చేయడానికి సాయం చేయాలి. ఇంట్లో ఒక్కపూట భోజనం. ఫిబ్రవరి, మార్చిలో పాప పరీక్షలు, ఆ రెండు నెలలు ఎవరూ ఉండరు. రాత్రి రెండు గంటల కాఫీకి డికాక్షన్ ఫ్లాస్కులో పోసి పెడతారు, తాగేవాళ్ళు పాలు కాచుకోవాలి.

ఒక్కపూట అనేదగ్గర పేచీ వచ్చింది. అన్నం పెట్టకపోతే ఎట్లా అని భర్త. నా దగ్గర జవాబు లేదు. అత్తగారి దగ్గర ఉంది: "కొండ మీద మన తరిగొండ వెంగమాంబ పేరు మీద అంతమందికి అన్నం పెడతా ఉండారు గదా. ఆడ తింటే ప్రసాదం. మనింట్లో తింటే పులుసన్నం. ఏది గొప్ప?"

నేను నాలుగు సెషన్లు పెట్టినా ఆ మాట నాకు తట్టేది కాదు. తట్టినా, నా నోట వస్తే ఆ ఇంట్లో చెల్లేది కాదు.

నిద్ర విషయంలో ఒక చిన్న మీమాంస. నిద్ర పట్టనివాళ్ళను పగలు పడుకోవద్దంటాం, రాత్రి నిద్ర చెడుతుందని. ఆమె కోరిన ఒకే ఒక్క కోరిక మధ్యాహ్నం ఒక గంట తలుపు వేసుకుని పడుకోవడం. కాగితం మళ్ళీ చూశాను. ఆమెకు ముందు నిద్ర పట్టకపోవడం కాదు, పడుకునే వేళే దొరకడం లేదు. రెండూ వేరు. రెండు నుంచి మూడు దాకా పడుకోమన్నాను. ఆ గంట తలుపు కొట్టకుండా చూసే బాధ్యత కూతురు తీసుకుంది, కాలేజీ ఉన్న రోజుల్లో అత్తగారు.

పెరటాసిలో

మూడు వారాలు బాగా గడిచింది. పీహెచ్‌క్యూ 11కు వచ్చింది. పెరటాసి రెండో శనివారం ముందు భర్త మేనమామ కుటుంబం, తొమ్మిది మంది, వేలూరు నుంచి వ్యాను కట్టుకుని వచ్చారు. ఫోన్ చేసింది భర్తకే. ఆయన క్యాలెండర్ చూడలేదు, గది మాట ఎత్తలేదు. "మామ కదా మేడమ్, నోరు రాలేదు." మూడు రోజులున్నారు.

నేను మొత్తం కూలిపోతుందనుకున్నాను. రెండో రోజు మధ్యాహ్నం రెండింటికి ఆమె గదిలోకి పోయి తలుపు వేసుకుందట. వ్యాను డ్రైవర్‌తో సహా పదిమంది హాల్లో ఉన్నారు. కాఫీ అడిగిన మేనమామతో అత్తగారు, "దానికి మంచిది కాదు, మూడు దాకా లేపగూడదు. పాలు ఫ్రిజ్‌లో ఉండాయి, పెట్టుకో" అన్నారట. ఆయన పెట్టుకున్నాడు. అందరికీ పెట్టాడు. ఈ సంగతి నాకు చెబుతూ ఆమె నవ్వింది. ఆ ఇంట్లో మగవాడు కాఫీ పెట్టడం ఆమె చూడటం అదే మొదలట, అదీ చుట్టం.

ఆ వారం తర్వాత మార్కులు మళ్ళీ 14కు పెరిగాయి. అలా పైకీ కిందికీ పోతూ డిసెంబరు చివరికి 7కు చేరాయి. తొమ్మిదో ప్రశ్నకు అక్టోబరు నుంచి సున్నా. హిమోగ్లోబిన్ 11.4. తలనొప్పి వారానికి ఒకసారి వస్తోంది, ఒక్కోసారి రెండు. మందు ఇంకా నడుస్తోంది. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలని సైకియాట్రిస్టు చెప్పారు.

ఇందులో ఏది ఎంత పనిచేసిందో నేను చెప్పలేను. ఐరన్, మందు, మధ్యాహ్నపు గంట నిద్ర, భర్త ఎత్తిన ఫోన్లు, అత్తగారి నోటిమాట, అన్నీ ఒకే సమయంలో మొదలయ్యాయి. ఒక్క ఇంటి కథ ఇది. ఇంకో ఇంట్లో అత్తగారు అలాంటి మాట అనకపోవచ్చు. అప్పుడేం చేస్తానో నాకు ఇంకా స్పష్టత లేదు.

అతకనిది కూడా ఉంది. ఆడపడుచు ఆ శ్రావణం తర్వాత పుట్టింటికి రాలేదు. సంక్రాంతికి చీర పంపితే తీసుకుంది గానీ ఫోన్ చేయలేదు. కూతురి ముఖం చూడక ఆర్నెల్లయిందని అత్తగారు కళ్ళు తుడుచుకుంటారు. అది నా మొదటి సలహా ఖర్చు. ఆడపడుచుతో నేను మాట్లాడతానని కబురు చేశాను. జవాబు రాలేదు.

సంక్రాంతి దాటాక ఒక గురువారం వాళ్ళ అపాయింట్‌మెంట్. ముందురోజు ఆమె ఫోన్ చేసింది. పాప పరీక్షల లోపల స్వామిని చూడాలంటోంది, ముగ్గురు ఆడవాళ్ళం కొండకు పోతున్నాం, తారీఖు మార్చండి అని. అత్త మోకాళ్ళ సంగతి అడిగితే బస్సులోనే పోతాం అంది. ఇంట్లో ఆయన, కుక్కర్ ఉన్నారంది.

శుక్రవారం మళ్ళీ ఫోన్. భూదేవి కాంప్లెక్స్ దగ్గర టోకెన్లు అయిపోయాయట. తిరిగి ఇంటికి రాకుండా ముగ్గురూ కపిలతీర్థం పోయి, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారట. వచ్చే వారం మళ్ళీ ప్రయత్నిస్తాం, ఇంకోసారి తారీఖు మార్చగలరా మేడమ్ అని అడిగింది. మార్చాను.